లెక్కలో లేని ఆటో

మీరెప్పుడైనా ఒక మనిషిని లెక్కలోంచి కొట్టేశారా? కొట్టేసేముందు ఆ మనిషి మొహం చూశారా? తొందరపడి లేదనకండి. పెన్ను చేతిలో ఉన్న మనమందరం ఎప్పుడో ఒకప్పుడు ఎవర్నో ఒకర్ని కొట్టేసినవాళ్లమే. కాకపోతే చాలామందికి అడిగే గురువు ఉండరు. నిరంజన్‌కి ఉన్నారు.

ఆవిడ ఆచార్య విశాలాక్షి. శిష్యులతో వాదనకు దిగడం ఆవిడకి అలవాటు లేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, లేచి చెప్పులు తొడుక్కుంటారు. జవాబు ఆ గదిలో లేదని దానర్థం. వెంట నడవాల్సిందే.

వాళ్ల పని చెప్పాలంటే కష్టమేమీ కాదు. రోడ్డుమీద వేల బండ్లు ఉంటాయి. ఏ క్షణాన ఏది ఎక్కడ ఉంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అందుకని వాటిని వానచినుకుల్లా కాగితంమీద చల్లి, ఈ బండి పంపిన కబురు ఆ బండికి గాలిలో అందే అవకాశం ఎంత అని లెక్కగడతారు. ఆ లెక్కని నమూనా అంటారు. నిరంజన్ కట్టిన నమూనాని నమ్మి, ఒక కొండదారిలో తిరిగే బండ్లన్నిటికీ చిన్న పెట్టెలు బిగించారు. మలుపు అవతల ఎదురుబండి వస్తుంటే దాని పెట్టె కబురు పంపుతుంది, ఇవతలి బండిలో ఎర్రలైటు వెలుగుతుంది. ఫలితాలు చూసి తోటి పరిశోధకులు చప్పట్లు కొట్టారు. మర్నాడు రోడ్ల శాఖవాళ్లకి నివేదిక ఇవ్వాలి. దానిమీద ఆచార్యులు సంతకం పెడితే మిగతా కొండదారులకీ ఈ పెట్టెలే వస్తాయి.

పెన్ను తెరిచి ఆవిడ అడిగారు: "కొన్ని ఆటోలు ఇందులో కనపడవేం?"

"కొండ ఎక్కేటప్పుడు వాటికి ఒక్క కబురూ అందలేదు మేడం. పెట్టెలు చెడిపోయుంటాయని తీసేశాను."

"చెడిపోయాయో లేదో చూశావా?"

"చూడక్కర్లేదు. నా నమూనా ప్రకారం అసలేమీ వినబడని బండి ఉండనే ఉండదు. లేనిదాన్ని తీసేస్తే తప్పేముంది మేడం?"

ఆవిడ కళ్లజోడు తీశారు.

"పద. ఆ లేని బండి ఎక్కుదాం."

కొండకి ఇవతల గ్రానైటు క్వారీ, అవతల రాయి పాలిష్ చేసే ఫ్యాక్టరీ. పొద్దుటిపూట కాటా దగ్గర తూకం అయ్యాక రాతిబండలెత్తిన లారీలని వరసగా వదులుతారు. సరిగ్గా ఆ వేళకే ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు ఆటోలెక్కుతారు. తప్పించుకునే దారి లేదు. షిఫ్టు అందుకోవాలంటే లారీల మధ్య దూరాల్సిందే. కాగితంమీది చినుకులు ఎక్కడ పడితే అక్కడ పడతాయి. వాళ్లని తీసుకెళ్లే కోటేశ్వరి ఆటో మాత్రం రోజూ రెండు లారీల మధ్యే పడుతుంది.

"ఏమే, జరగండే! పెట్టె సారు వచ్చాడు, చోటియ్యండి," అంది కోటేశ్వరి, హ్యాండిల్ దగ్గర్నించి వెనక్కి తిరిగి.

"సన్నగానే ఉన్నాడుగా, నా టిఫిన్ డబ్బా పక్కన ఇరుక్కుంటాడులే," అంది వెనకనించి ఒకామె. అందరూ నవ్వారు. ఆచార్యులు వాళ్ల మధ్య ఒదిగి కూర్చున్నారు. మిగతా శిష్యులు జీపులో ముందే వెళ్లి కొండ మీద ఆగారు.

"ఇది పెట్టాక ప్రాణం హాయిగా ఉంది సారూ," అంది కోటేశ్వరి, లైటుమీద అరచెయ్యి ఆనించి. "ఇదివరకు ప్రతి మలుపులో ఆగి, హారన్ కొట్టి, చెవులు రిక్కించి పోయేదాన్ని. ఇప్పుడా గోల లేదు. లైటు వెలగలేదంటే దారి ఖాళీయే గదా! మీరే చెప్పారుగా."

అవును, అతనే చెప్పాడు. పెట్టె బిగించిన రోజు నవ్వుతూ చెప్పాడు.

ముందు లారీ ఎక్కలేక మూలుగుతోంది. వెనక లారీ ఆటోని మింగేసేలా వస్తోంది. రెండు రాతిగోడల మధ్య కింద ఎక్కడో ఆటో. మలుపు దగ్గర కోటేశ్వరి ఒకసారి లైటుకేసి చూసింది. వెలగలేదు. హారన్ కొట్టలేదు. బండిని కుడికి తిప్పి లారీని దాటబోయింది.

ఎదురుగా బస్సు.

"అక్కా!" అని అరిచాడు నిరంజన్. ఆమె ఎలా తిప్పిందో, లారీ తోకవెనక్కి ఎలా దూరిందో ఆమెకే తెలియాలి. బస్సు గాలికి వెనక కూర్చున్నవాళ్ల కొంగులు లేచిపోయాయి. టిఫిన్ డబ్బా ఒకటి దొర్లి రోడ్డుమీద పడింది. కాస్త ముందుకెళ్లి ఆటో పక్కకి ఆగింది.

కోటేశ్వరి బస్సుని తిట్టలేదు. లారీనీ తిట్టలేదు. లైటుకేసే చూస్తోంది.

"వెలగలేదేం సారూ? నిన్న తడిగుడ్డ పెట్టి తుడిచాను. నేనే పాడుచేశానేమో!"

ఏ కోర్టులోనూ దొరకని సాకు, బాధితురాలే తెచ్చి చేతిలో పెట్టింది. నిరంజన్ ఏమనాలి? మీరైతే ఏమంటారు?

"అయ్యుండొచ్చు," అన్నాడతను.

ఆచార్యులు తల తిప్పి అతన్ని చూడనైనా చూడలేదు. లారీలు ఒకదాని వెనక ఒకటి దాటిపోయాయి. దుమ్ము తగ్గింది. ఎర్రలైటు టక్కున వెలిగింది. ఎక్కడో పై మలుపులో ఉన్న బండి కబురు అది.

"అదిగో! వెలిగింది చూడండి! నేనేం పాడుచెయ్యలేదు," అని కోటేశ్వరి ఒళ్లంతా తేలికైపోయినట్టు నవ్వింది.

పెట్టె ఏనాడూ చెడలేదు. లారీలు కమ్ముకున్నప్పుడల్లా దానికి చెవులు మూసుకుపోతున్నాయి, అంతే. ఇద్దరూ దిగాక నిరంజన్ ఆచార్యుల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మేడం, రాళ్ల లారీల మధ్య ఉన్నప్పుడు సిగ్నల్..." అని మొదలుపెట్టాడు.

"నాకెందుకు చెబుతావు? నాకు తెలిసింది. తెలియంది ఆవిడకి."

అతను ఆటో ముందుకి నడిచాడు. నాలుగడుగులు కూడా ఉండవు. అంత దూరం అతనెప్పుడూ నడిచి ఉండడు.

"అక్కా, తప్పు మీది కాదు. లారీల మధ్య దీనికేమీ వినబడదు. వెలగకపోతే దారి ఖాళీ అని చెప్పానే, అది అబద్ధం. మీ బండికి కబుర్లు అందట్లేదని నాకు ముందే తెలుసు. అయినా... మీ బండిని తీసేశాను."

"తీసేశారా? ఎక్కడ్నించి?"

"లెక్కలోంచి."

"నేను రోజూ తిరుగుతూనే ఉన్నాగా సారూ!"

"మరి మమ్మల్ని?" అని వెనకనించి ఆ టిఫిన్ డబ్బా ఆమె అడిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కోటేశ్వరి మెడమీది తువ్వాలు తీసి లైటుకి చుట్టి, గట్టిగా ముడివేసింది. ఒక్కసారి హారన్ కొట్టి చూసుకుంది. బండి కదిలించింది. వెళ్తూ అతన్ని ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదని అతనికి అనిపించి ఉంటుంది.

బస్సు ఆటోని రాసుకుంటూ పోవడం చూసి, కొండ మీదనించి మిగతా శిష్యులు పరుగెత్తుకొచ్చారు. నిరంజన్ రెండు చేతుల్లో తల పెట్టుకుని రాతిమీద కూర్చుండిపోయాడు. "మేడం, రేపు ఆఫీసులో నేనెలా నిలబడను? సిగ్గుతో చచ్చిపోతున్నాను..."

ఆచార్యులు దిగువ రోడ్డుకేసి చూస్తున్నారు. అక్కడ రెండు లారీల మధ్య మరో ఆటో, కిక్కిరిసిన మనుషులతో, మలుపుకేసి ఎక్కుతోంది.

"సిగ్గు తర్వాత పడుదువుగాని. అది నువ్వు కొట్టేసిన ఇంకో బండి. అందరూ రోడ్డుమీదికి రండి. చేతులెత్తి ఆపండి."