ఖాళీ గ్లాసు ఎందుకూ దండగ

అనగనగా ఒక ఊళ్ళో, కోడిపెట్టతో పని లేకుండా గుడ్లు పొదిగే మిషను ఒకటుండేదిట. దాన్ని సూరపరాజూ, వాళ్ళ చెల్లెలు మధులతా చూసుకునేవాళ్ళు.

ఆ మిషన్లో అరలు. ఏ అరకి ఎంత వేడో చెప్పడానికి ఒక్కో అంకె. రోజూ గుడ్లున్న మొదటి అర అంకే, చివరి అర అంకే ఒకదాని చోటికి ఇంకోటి మారాలి. అప్పుడే గుడ్లన్నీ సమంగా వెచ్చబడతాయి.

"ఎలా మారతాయి అమ్మమ్మా?"

నీ గ్లాసులో పాలు, నా గ్లాసులో మజ్జిగ. మార్చుకోవాలంటే ఏం కావాలే? ఆఁ, ఇంకో ఖాళీ గ్లాసు!

కానీ మన రాజు మహా తెలివైనవాడు కదా! "ఖాళీ గ్లాసు ఎందుకూ దండగ" అన్నాడు. రెండంకెల్నీ మొదటి అరలోనే కలిపేసి, ఆ మొత్తంలోంచి ఒకటి తీసేస్తే ఇంకోటి మిగిలే కిటుకొకటి ప్రోగ్రాములో రాశాడు.

"నాకర్థం కాలేదు అన్నయ్యా" అంది లత.

"మిషనుకి అర్థమైంది, చాల్లే!"

మొదటిరోజు అంకెలు మారాయి. రెండోరోజూ మారాయి. రాజు మీసం మెలేశాడు. మూడోరోజుకి మిగతా గుడ్లన్నీ పిల్లలైపోయి, ఒక్క అరలోనే గుడ్లు మిగిలాయి. మొదటి అరా అదే, చివరి అరా అదే! అప్పుడు ఆ అంకెని దానికే కలిపేసరికి, అరలో పాత అంకె పోయి మొత్తమే మిగిలింది. ఆ మొత్తంలోంచి ఆ మొత్తాన్నే తీసేస్తే ఏం మిగులుతుంది?

"సున్నా!"

సున్నా వేడి! గుడ్లు చల్లబడిపోతున్నాయి. లోపల బుల్లి ప్రాణాలు.

రాజు తను రాసింది తనే తెరిచి చూసి, తెల్లమొహం వేశాడు. "ఇక్కడ నేనేం రాశానే?"

"మిషన్ని అడుగు! దానికర్థమైందన్నావుగా?"

అని ఊరుకుందా లత? ముందు గుడ్ల మీద దుప్పటి కప్పింది. ఆ తర్వాత పోయిన అంకెని మళ్ళీ కొట్టింది. ఆ తర్వాత కిటుకంతా చెరిపేసి మూడంటే మూడు వరసలు రాసింది. మొదటి అంకెని ఖాళీ గ్లాసులో పెట్టు. చివరి అంకెని మొదటిచోట పెట్టు. గ్లాసులోది చివరిచోట పెట్టు. అంతే! ఒకే అర ఉన్నా ఇక అంకె చెక్కుచెదరదు.

"పిల్లలు బతికాయా అమ్మమ్మా?"

ఉండు. వాళ్ళూ నీలాగే చెవులు రిక్కించారు. చాలాసేపు చప్పుడు లేదు. అప్పుడు... టిక్కు! ఓ గుడ్డు పగిలి, పచ్చటి ముక్కు బయటికొచ్చింది.

రాజు ఊపిరి పీల్చుకుని, ఆ మూడు వరసలూ చదివాడు. "ఓస్, ఇంతేనా!"

"చదివినవాడు 'ఇంతేనా' అనాలి అన్నయ్యా. తెలివంటే అదీ!"

కథేమో కంచికి, కోడిపిల్ల గంపకి, కబుర్లాపి నువ్వింక నా పక్కకి!