పుట్టింటివాళ్ళు అందుకున్న పాట

పాఠం మొదలుపెట్టే ముందు మా కామేశం మాస్టారికి ఓ అలవాటుండేది. శ్రుతిపెట్టె దగ్గరికి లాక్కుని, "ఆ వంటింటి తలుపు వేసి రండి" అనేవారు. పోపు చప్పుడూ గిన్నెల చప్పుడూ శ్రుతికి అడ్డమని ఆయన వాదం. విజయనగరంలో ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్ళం అందరం ఆ తలుపు వేసినవాళ్ళమే. ఆయన భార్య సుభద్రమ్మగారు మాకు గ్లాసెడు మంచినీళ్ళు ఇవ్వాలన్నా పాఠం అయ్యేదాకా లోపలే ఆగేవారు.

ఓ రోజు హైమ ఏడుపు మొహంతో వచ్చింది. మా అందరిలోకీ మంచి గొంతున్న పిల్ల, సొంతంగా పాటలు కట్టేది కూడా. ఆ కట్టడంలోనే వచ్చింది తంటా. రాగం ఎత్తుకుని చక్కగా పోతూ పోతూ, మధ్యలో వాళ్ళమ్మ పాడే ఊడుపు పాటలోకి దిగిపోయేది. మా ఊరి సంగీత సభ కార్యదర్శిగారు అది విని, "ఇది కచేరీయా, సంతా? ఈ కలగాపులగం మానేస్తేనే ఆదివారం వేదిక ఎక్కు" అన్నారట.

"మానెయ్యమంటారా మాస్టారూ?" అంది హైమ. "మీరు మానెయ్యమంటే మానేస్తాను. కానీ అది తీసేస్తే ఇంక ఆ పాట నాది కాదనిపిస్తోంది."

మాస్టారు శ్రుతిపెట్టె పక్కకి జరిపారు. "మా బావమరిది ఓడల్లో పనిచేసేవాడు. స్పానిష్ మాట్లాడే ఓ రేవుపట్నంలో విన్నానని వాడొక సంగతి చెప్పాడు, విను" అన్నారు.

ఆ రేవులో కసిల్దా అనే పిల్ల ఉండేదట. సరుకులు దించే కూలీ కూతురు, రేవు డప్పుల మధ్య పెరిగింది. అన్సెల్మో అనే పెద్ద గాయకుడి దగ్గర శిష్యురాలిగా చేరింది. చావింట పాడే పాటల్లో ఆయనది అందెవేసిన చెయ్యి. అక్కడి ఆనవాయితీ ఏమిటంటే, ఆడమనిషి పోతే గాయకుడు పాట ఎత్తుకోవాలి, ఆమె పుట్టింటివాళ్ళు దాన్ని అందుకోవాలి. వాళ్ళు అందుకుంటేగాని శవపేటిక గడప దాటదు.

కసిల్దా కొన్నాళ్ళు బుద్ధిగానే నేర్చుకుంది. తరవాత సొంత కవిత్వం రాసి, చావుపాటల బాణీలో రేవు డప్పు కలిపి, నడుమ ఎక్కడో కొండ పల్లెల్లో విత్తనాలు చల్లేటప్పుడు పాడే పాట దూర్చి పాడటం మొదలెట్టింది. అన్సెల్మో అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఈ కొండపాట నీకెవరు నేర్పారు?" అని గద్దించాడు. ఎంత అడిగినా ఆ పిల్ల నోరు విప్పలేదు. "నా గడప తొక్కకు" అని గెంటేశాడు.

పొట్ట చేతపట్టుకుని రాజధానికి పోయింది. సారాకొట్లలో పాడింది. కవులేమో ఇవి పాటలన్నారు, గాయకులేమో ఇవి కవితలన్నారు. రికార్డులమ్మే దుకాణం వాడికి ఆమె రికార్డు ఏ అరలో పెట్టాలో తెలియలేదు. తెలియకపోతేనేం, జనం కొనుక్కుపోయారు. ఆ భాష మాట్లాడే దేశాలన్నింటా ఆమె పేరు మారుమోగింది. సొంత ఊళ్ళో మాత్రం అన్సెల్మో ఏమంటాడోనని ఆమె పేరు ఎత్తాలంటేనే అందరికీ హడలు.

ఇంతలో అన్సెల్మో భార్య బెనీతా పోయింది. ఎప్పుడో కొండల్లోంచి పెళ్ళి చేసుకుని తెచ్చుకున్న మనిషి. ఆమె చెల్లెళ్ళిద్దరూ కొండ దిగి వచ్చి పేటిక పక్కన కూర్చున్నారు. అన్సెల్మో తానే పాట ఎత్తుకున్నాడు. పాపం, జన్మలో అంత గొప్పగా పాడి ఉండడు. విన్నవాళ్ళందరూ భోరుమన్నారు. చెల్లెళ్ళు మాత్రం పెదవి కదపలేదు. మళ్ళీ పాడాడు. పొద్దు వాలుతోంది, మోసేవాళ్ళు వాకిట్లో నిలబడే ఉన్నారు. చివరికి పెద్ద చెల్లెలు, "బాగానే పాడుతున్నావు బావా. కానీ మా అక్క ఇందులో లేదు" అంది.

అన్సెల్మో పాట ఆపేశాడు. తన పెళ్ళాన్ని తన పాట సాగనంపలేకపోతోంది! అంతకంటే నరకం ఏముంటుంది?

అప్పుడు గడప అవతల నుంచి ఓ గొంతు లేచింది. కబురు విని వచ్చిన కసిల్దా. తొక్కొద్దన్న గడప తొక్కకుండా వీధిలోనే నిలబడి పాడింది. గురువు బాణీలోనే ఎత్తుకుని, మెల్లిగా కొండల విత్తనాల పాటలోకి దిగింది. అన్నం ఉడికే చప్పుడు చాటున, ఎవరికీ వినపడకుండా పాడుకున్న ఇల్లాలి మీద మాటలు అల్లింది. చెల్లెళ్ళిద్దరూ ఒక్కసారిగా గొంతెత్తి అందుకున్నారు.

మోసేవాళ్ళు ముందుకొచ్చారు. అన్సెల్మో చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. వీధిలోకి వచ్చి, "ఈ పాట నీకెవరు నేర్పారు?" అని మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. ఈసారి గద్దించలేదు.

"మీ వంటింట్లోనే నేర్చుకున్నాను గురువుగారూ," అంది కసిల్దా. "అప్పుడే చెబితే ఆవిడ ఆ మాత్రం పాడుకోవడం కూడా మానేస్తుందని చెప్పలేదు."

అన్సెల్మో ఆమె చెయ్యి పట్టుకుని గడప దాటించాడు. తానూ ఆ పాట అందుకుందామని నోరు తెరిచాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి అందులో ఒక్క ముక్క రాలేదు. మరదళ్ళు ఒక్కొక్క మాటే అందిస్తుంటే, చిన్నపిల్లాడిలా తప్పులు పోతూ ఏడుస్తూ వాళ్ళ వెనకే అన్నాడట. అప్పుడు పేటిక ఎత్తారు.

మాస్టారు అక్కడితో ఆపేశారు. హైమ కళ్ళు తుడుచుకుని, "మరి ఆ తరవాత ఆ ఊరివాళ్ళు ఆవిణ్ణి తమ సభల్లో పాడనిచ్చారా మాస్టారూ?" అంది.

ఆయన వినిపించుకోలేదు. మూసిన తలుపు వైపే చూస్తున్నారు. ఆ కథ చెప్పిన బావమరిది సుభద్రమ్మగారి తమ్ముడే కదా అని నాకప్పుడు తట్టింది. లోపల రోటి చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. దాని చాటున, వినీ వినపడకుండా, ఏదో దంపుడు పాట.

"హైమా," అన్నారు మాస్టారు, "వెళ్ళి ఆ తలుపు తీసి రా అమ్మా."