దిష్టి తగలని వైఫై

రాజులూ కంప్యూటర్లూ ఒకేసారి ఉన్న కాలమది. వీరకేసరి మహారాజు కొత్త వైఫై పెట్టె తెప్పించి, దిష్టి తగలకూడదని ఇనప తలుపుల ఖజానాలో పెట్టించి తాళం వేయించాడు. అంతే, కోటలో ఒక్క కంప్యూటరూ నెట్‌కి కలవలేదు. "పెట్టిన చోటే తప్పు ప్రభూ" అన్న మెకానిక్ చెరసాల పాలయ్యాడు.

తర్వాత బజారులో రిపేర్లు చేసే నూకాలుకి కబురొచ్చింది. రోగమేమిటో ఆమెకి ఖజానా గుమ్మంలోనే తెలిసిపోయింది. కానీ చెబితే చెరసాలే.

"ప్రభూ, తమరు లోపలికెళ్లి తలుపు మూయించుకుని ఏదైనా ఆజ్ఞ ఇవ్వండి. తక్షణం చేస్తాను" అంది.

రాజు లోపల గొంతు చించుకున్నాడు. బయట నూకాలు తీరిగ్గా తమలపాకుకి సున్నం రాసుకుంటోంది.

కాసేపటికి తలుపు తెరిపించుకుని వచ్చిన రాజు మండిపడ్డాడు. "గుమ్మం దగ్గర పీట జరపమని అంతలా అరిస్తే కదలవేం? కొరడా దెబ్బలు కావాలా?"

"ముందు తమ కంప్యూటర్లని కొట్టించండి ప్రభూ! ఆ పెట్టె కూడా లోపల్నుంచి పిలుస్తూనే ఉంది, ఒక్కటీ పలకలేదు. దిష్టికి నిమ్మకాయ కడితే చాలు."

రాజు తలుపు వంక చూశాడు, నూకాలు వంక చూశాడు. తర్వాత రెండు తాళాలు తీయించాడు. ఒకటి ఖజానాది, రెండోది చెరసాలది.