సగటు నీళ్ళు

ఈ అడవికి ఎంతమంది పెద్దలొచ్చారో, ఎంతమంది పోయారో చెప్పే ఓపిక నాకు లేదు. ఈసారి వంతు సింగారయ్య అనే నక్కది. వాగు ఎండితే ఇసుకలో చెలమ తవ్విస్తానని మాటిచ్చాడు, జంతువులన్నీ ఓట్లేశాయి. చెప్పినట్టే తవ్వించాడు కూడా. తవ్వింది మాత్రం మైలన్న. ముసలిదైపోయిందని రైతు అడవిలో వదిలేసిన ఎద్దు.

చెలమలో రాత్రంతా ఊరిన నీళ్ళే మర్నాటికి ఆధారం. పాత పద్ధతిలో పిల్లజీవాలు ముందు తాగేవి, పెద్దరికం చేసేవాడు ఆఖరున తాగేవాడు. సింగారయ్య గెలిచీ గెలవగానే దాన్ని తిరగేశాడు. ముందు తాను, ఆ తర్వాత తనకి వంతపాడే అడవిపందులు. వాళ్ళు లేచాక మిగిలేది బురదే.

పున్నమ్మ అనే కుందేలుకి ఒక్కటే పిల్ల. దాహానికి అది కళ్ళు కూడా తెరవడం లేదు. ఇక ఉండబట్టలేక పున్నమ్మ సింగారయ్య దగ్గరికెళ్ళి, బిడ్డ నాలిక తడిసేన్ని నీళ్ళు ఇప్పించమని బతిమాలుకుంది. అతను కసురుకున్నా బాగుండేది. నవ్వాడు.

"పిచ్చిదానా, ఊరిన నీళ్ళన్నిటినీ నోళ్ళన్నిటికీ భాగించి చూశాను. సగటున ఒక్కొక్కరికి మూతి మునిగేన్ని వస్తున్నాయి. పోయినేడు ఇన్ని లేవు. దీన్నే అభివృద్ధి అంటారు. సగటున నీ పిల్ల కూడా తాగుతూనే ఉంది."

ఆ తల్లి వెనుదిరిగింది. మైలన్న దగ్గరికొచ్చి కూలబడింది. మైలన్నకి కోపం తెచ్చుకునే సత్తువ కూడా లేదు. ఇలాంటి లెక్కలు వినీ వినీ అతని చెవులు ఎప్పుడో వాలిపోయాయి. పొద్దున్నే పిల్లని తీసుకుని చెలమ దగ్గరికి రమ్మన్నాడు. మిగతా చిన్న జీవాలకీ అదే కబురు పంపాడు.

తెల్లారింది. సింగారయ్య చెలమలోకి మూతి వంచబోతుంటే మైలన్న నెమ్మదిగా అడ్డొచ్చాడు.

"పెద్దయ్యా, మావి మట్టిబుర్రలు. ఆ సగటు సంగతి మొదట్నుంచీ చెప్పండి. ఎండెక్కితే వీళ్ళంతా వెళ్ళిపోతారు. నీళ్ళెక్కడికి పోతాయి?"

అంతమంది ఎదురుగా కనిపిస్తే సింగారయ్య ఆగగలడా? చెలమ పక్కనున్న బండరాయి ఎక్కి, నీళ్ళకి వీపు పెట్టి మొదలుపెట్టాడు. చెలమకి ముందు అడవి ఎలా ఉండేది, తానొచ్చాక ఎలా ఉంది, ఇంకా ఎలా ఉండబోతోంది. తన గొప్ప చెప్పుకునేటప్పుడు అతను కళ్ళు మూసుకుంటాడని అందరికీ తెలుసు. అడవిపందులకి ఆ మాటలు కొత్తేమీ కావు, పొద నీడలో గుర్రుపెట్టాయి.

బండ వెనకాల చెలమలో ముందుగా పున్నమ్మ పిల్ల తాగింది. నీళ్ళు తగలగానే కళ్ళు తెరిచింది. అది చూసి పున్నమ్మకి ఏడుపొచ్చింది గానీ కన్నీళ్ళు రాలేదు. తర్వాత ఉడతలు, ముంగిసలు, జింకపిల్లలు. మైలన్న మాత్రం బండ ముందే నిలబడి, ఉపన్యాసం ఎక్కడ సన్నగిల్లితే అక్కడ గిట్టతో నేల తట్టి మెచ్చుకుంటూ వచ్చాడు.

చెప్పీ చెప్పీ గొంతెండిపోయి సింగారయ్య బండ దిగాడు. చెలమలో తడి ఇసుక తప్ప ఏమీ లేదు.

"నీళ్ళేవయ్యా?"

"తాగేశారు పెద్దయ్యా. భాగించి చూశాను. సగటున మీరూ తాగారు."

"నా గొంతు ఎండిపోతోందయ్యా."

"అది మీ ఒక్కరి గొంతు. లెక్కలోకి రాదు."

సింగారయ్య తడి ఇసుకని ఓసారి నాకి చూశాడు. చివరికి, "నువ్వు తాగావా?" అన్నాడు.

"నేనూ సగటునే తాగాను" అని మైలన్న ఎండిన మూతి నాక్కుంటూ నీడకి పోయి పడుకున్నాడు.

మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే పిల్లజీవాలు ముందు తాగసాగాయి. సింగారయ్య ఇప్పటికీ పెద్దే, కాకపోతే ముందుకొస్తే తన సగటు లెక్క తనకే అప్పజెబుతారని, అడవిపందులతో పాటు వరసలో ఆఖరున నిలబడతాడు.

అడవి ఎంత బాగుపడిందో తెలియాలంటే అడగాల్సింది కడుపు నిండినవాణ్ణి కాదు, గొంతెండినవాణ్ణి.