తిప్పక్క మూడు మూటలు

తిప్పక్క కూడబెట్టిందంతా ఒక్క వానకు పోగొట్టుకుంది. కథ అక్కడే మొదలవుతుంది.

మన తాతల తాతలకు ఇంకా మీసాలు రాని కాలం. ఎర్రనేల ఊరొకటి. ఆ ఊళ్లో తిప్పక్క అని ఇరవై ఏళ్ల పిల్ల. అమ్మ లేదు, అయ్య లేడు. ఉన్నది ఒక చేట. ఎవరి కల్లంలో పంట నూర్చినా గింజలు తూర్పారబట్టడానికి తిప్పక్కే రావాలి. ఏడేళ్లు దుమ్ము మింగి పన్నెండు వెండి రూకలు వెనకేసింది.

ఊరి పెద్దకాపు ఆమెకు ఒక రాళ్ల చెలక చూపించాడు. "మూడేళ్లలో ఒక్క పంట తియ్యి, నేల నీది. తియ్యలేకపోతే నీ చేట నీది" అన్నాడు.

తిప్పక్క రాళ్లు ఏరింది. దున్నించింది. మిగిలిన రూకలన్నీ పెట్టి కొర్ర విత్తనం కొన్నది. మృగశిర కార్తెలో తొలివాన దంచికొట్టింది. గింజ మిగల్చకుండా చల్లేసింది. మొలక చూసి మురిసింది. ఆపైన నెల రోజులు చినుకు లేదు. మొలకా పోయింది, రూకలూ పోయాయి.

మళ్లీ చేట పట్టింది. రెండో ఏడంతా కల్లాల్లోనే గడిచింది. ఒకనాడు ఓబులప్ప తాత తన కల్లంలో ఆమె పని చూస్తూ అడిగాడు.

"కుప్పంతా ఒకేసారి ఎత్తిపోయవేం పిల్లా?"

"గాలి ఎప్పుడు ఆగుతుందో ఎవరికి తెలుసు తాతా? చేట చేటగా పోస్తే, ఆగినా ఒక్క చేటే పాడు."

"మరి ఆ తెలివి చేలోకి పోయేటప్పుడు ఏ గట్టు మీద పెట్టావు?"

తిప్పక్క ఆ మాట కొంగున ముడేసుకుంది.

మూడో ఏటికి ఆరు రూకలు చేరాయి. ఆరింటికీ విత్తనం కొని మూడు మూటలు కట్టింది. చెలకను మూడు చెక్కలు చేసింది. మృగశిర వాన పడింది. ఊరంతా ఉన్న గింజంతా చల్లింది. తిప్పక్క ఒక్క మూట విప్పింది.

పెద్దకాపు గట్టున నిలబడి, "ఏమే, మిగతా రెండూ పుట్టబోయే పిల్లలకా?" అని నవ్వాడు.

"వానది వాన ఇష్టం. గింజది నా ఇష్టం" అంది తిప్పక్క.

వాన మొహం చాటేసింది. ఊరి మొలకలతోపాటు తిప్పక్క మొదటి చెక్కా మాడింది. ఆరుద్ర వానకు రెండో మూట విప్పింది. సగం గొంగళిపురుగు తిన్నది. ఇక ఉన్నది ఒక్క మూట. అదీ పోతే నేలా పోతుంది. పునర్వసు దాకా కాచుకుంది. వాన పడింది. మూడో మూట విప్పి ఆఖరి గింజ దాకా చల్లింది.

ఆ ఏడు ఊళ్లో కంకి వేసింది ఆ చెలకొక్కటే. పెద్దకాపు వచ్చి కంకి నలిపి చూశాడు. "నేల నీదేనమ్మా" అన్నాడు.

నాలుగో ఏడు తొలివానే నిలిచింది. అంతా ఒకేసారి చల్లినవాళ్ల గాదెలు నిండాయి. తిప్పక్కకు అందరికన్నా తక్కువ పండింది.

"చూశావా, నీ మూటలే నిన్ను ముంచాయి" అన్నారు ఊళ్లోవాళ్లు.

"ముంచలేదు, తడిపాయి. వానది వాన ఇష్టం. గింజది నా ఇష్టం" అంది.

ఇప్పటికీ ఆ వైపు కొత్తగా సేద్యం పట్టిన పిల్లల చేత పెద్దలు మూడు మూటలు కట్టిస్తారు. ఆ ముడిని తిప్పక్క ముడి అంటారు. ఆశపడి ముందే విప్పబోయేవాళ్లకు ఆమె సంగతి చెబుతారు. తిప్పక్క నలభై ఏళ్లు సేద్యం చేసింది. మంచి ఏళ్లు చూసింది, చెడ్డ ఏళ్లు చూసింది. ఏ ఏడూ ఒక్క వానకు ఒక్క మూట కన్నా ఎక్కువ విప్పలేదు.