ఎర్రనాచు దుప్పటి

ఎప్పటి మాటో. మన తాతల తాతలు కూడా విన్నదే గాని చూసింది కాదు. సముద్రం ఒడ్డున ఒక జాలరి పల్లె. పల్లె చివర, రాళ్ల పక్కన, ఒక పాక. ఆ పాకలో అసిరమ్మ ఒక్కతే.

ఆమె మొగుడు కొర్లయ్య వేటకు వెళ్లాడు. తెప్ప రాలేదు, మనిషి రాలేదు, శవమైనా రాలేదు. పిల్లలు లేరు. పలకరించే దిక్కు లేదు. వండుకునేది, తినేది, సముద్రం వైపు చూసేది.

ఒక పెద్ద గాలివాన వెలిశాక ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చింది. ఎవరో పరాయి నావికుడు.

"ఎవడో, ఏ రోగంతో పోయాడో, ముట్టుకోకండి" అంటూ ఊరంతా దూరం జరిగింది. అసిరమ్మ మాత్రం వెళ్లి పక్కన కూర్చుంది.

"ఎవురు నాయినా నువ్వు? ఏ ఊరు? మీ యమ్మ పేరేటి?"

జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది? కప్పుదామంటే ఆమెకు కట్టుకున్న కోక తప్ప గుడ్డ లేదు. నీరు వెనక్కి తగ్గిన రాళ్ల మీద ఎర్రనాచు గుబురుగా పెరిగి ఉంది, కుచ్చులు కుచ్చులుగా, పట్టులా మెత్తగా. ఒడి నిండా కోసుకొచ్చి, కాళ్ల నుంచి మెడదాకా కప్పింది. ఇసుకలో గొయ్యి తీసింది. తనవాడు పోయినట్టే ఏడ్చింది.

ఇంకో ఏడు ఒక ఆడమనిషి శవం కొట్టుకొచ్చింది, కాళ్లకు కడియాలతో. అసిరమ్మ అలాగే అడిగింది, అలాగే కప్పింది, అలాగే ఏడ్చింది. ఆ తర్వాత ఒక పసిబిడ్డ. ఆ రోజు అడగడానికి నోరు రాలేదు. నాచు కప్పి జోల పాడింది.

చేపల గంపతో పోతున్న ఆ పల్లె పిల్ల గవరమ్మ దూరం నుంచే అడిగింది. "అత్తా, ఈళ్లు నీకేటవుతారని ఏడుస్తావు?"

"ఏటీ అవరు, అమ్మా. మీ కొర్లయ్య మావ ఏ ఒడ్డున తేలాడో. ఆ ఒడ్డున నాలాటిది ఒకతుంటే సాలు."

గవరమ్మ గంప సర్దుకుని వెళ్లిపోయింది.

ఒక వానాకాలం అసిరమ్మ పాక మీద పొగ లేవలేదు. మర్నాడు లేవలేదు, ఆ మర్నాడూ లేవలేదు. గవరమ్మ తడిక తోసి చూసింది. చాప మీద అసిరమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

గవరమ్మ రాళ్ల మీదికి పరుగెత్తింది. ఒడి నిండా ఎర్రనాచు తెచ్చి కప్పింది. పక్కన కూర్చుని అడిగింది.

"అత్తా, మీ యమ్మ పేరేటి?"

అన్నేళ్లు ఒకే పల్లెలో ఉన్నా, ఆ సంగతి ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

ఇప్పటికీ ఆ తీరాన ఎర్రనాచు కొట్టుకొస్తే ఎవరూ దాని మీద కాలు వేయరు. పక్కకు తప్పుకుని నడుస్తారు. ఎందుకని కొత్తవాళ్లు అడిగితే, "అడుగున ఎవురైనా పడుకున్నారేటో" అంటారు.