మూత లేని మజ్జిగ కుండ

ఎవరైనా ప్రశ్న అడిగితే పేరిందేవిగారు ముందు చెప్పులు వెతుక్కునేవారు. కూర్చుని జవాబు చెప్పడం ఆవిడకు చేతనయ్యేది కాదు. రక్తదాతల సంఘంలో ఆవిడ దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. అందుకే ఆ ఎండాకాలం పొద్దున హైమ గడప దగ్గరే నిలబడి అడిగింది.

"అమ్మా, మన తప్పు మన దగ్గర దిద్దుకున్నాక, ఇంకా అందరికీ చాటుకోవాలా?"

హైమకు నలుగురిలో మాట పెగలదు. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం చెయ్యి ఆగదు. దాతల పేర్లు, ఫోన్ నంబర్లు, రక్తం గ్రూపులు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి సంఘంలో ఉంది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి సేవాసంఘాల వాళ్లో కలిసి రాసుకున్నది. ఎవరైనా తెరిచి చూడొచ్చు, బాగుచేసి మళ్లీ అందరికీ ఇవ్వొచ్చు. హైమ కూడా అందులో ఒక ముక్క రాసి ఇచ్చింది. ఒకే ఫోన్ నంబరు రెండుచోట్ల కనబడితే, అది ఒకే మనిషని రెంటినీ కలిపేసే ముక్క. ఇంటిల్లిపాదికీ ఒక్కటే ఫోన్ ఉండే ఇళ్లు ఎన్నో ఉంటాయని ఆ వేళ ఆమెకు తట్టలేదు.

మొన్న ఒక బాలింతకు రక్తం కావాలని కబురు పెడితే, ఒకే ఫోన్ ఉన్న ఓ ఇంటి నుంచి, రక్తం ఇవ్వడానికి తండ్రి రావలసిన చోటికి కొడుకు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఆ ఇద్దర్నీ ఒకే మనిషిని చేసి, తండ్రి గ్రూపు తెచ్చి కొడుకు పేరు పక్కన పెట్టింది. ఆస్పత్రి పరీక్షలో బయటపడింది గనక సరిపోయింది. వేరే దాత దొరికేదాకా ఆ బాలింత వాళ్లమ్మ ఆస్పత్రిలో హైమ చెయ్యి వదల్లేదు. ఆ పట్టు ఇంకా మణికట్టు మీద ఉన్నట్టే ఉంది.

సంఘం కంప్యూటర్లో హైమ తప్పు దిద్దేసింది. మిగతా సంఘాల దగ్గర మాత్రం ఆ ముక్క అలాగే ఉంది, హైమ పేరుతో సహా. చెబితే ఇక తన రాతను ఎవరు నమ్ముతారు? వచ్చే నెల అందరికీ పంపే మార్పుల్లో ఈ దిద్దుబాటునూ చప్పుడు కాకుండా కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది?

పేరిందేవిగారు చెప్పులు వేసుకుని, "దాహంగా ఉంది, రా" అన్నారు.

వీధివైపు, బస్సులు ఆగే చోట, సంఘం పెట్టిన చలివేంద్రం ఉంది. పొద్దున మజ్జిగ కలిపి కుండలో పోసింది హైమే. ఆవిడ గ్లాసులో పోసుకుని, నోటిదాకా తెచ్చి ఆగిపోయారు. కుండలోకి చూపించారు. బల్లి తేలుతోంది. మూత పక్కన బల్ల మీదే ఉంది.

ఆవిడ గ్లాసులోది నేలమీద పారబోసి, కుండ మూతి మీద చెయ్యి ఆనించారు. "నా గ్లాసు పారబోశాను. పద, వెళ్దాం."

హైమ కదల్లేదు. స్తంభం అవతల బెంచీ మీద ఒకావిడ, తను తాగేసిన గ్లాసు పక్కన పెట్టి, రెండో గ్లాసు ఒళ్లో పిల్లకు పట్టబోతోంది.

"పట్టకండి! బల్లి పడింది! మూత పెట్టనిది నేనే!"

బస్సు కోసం నిలబడ్డ వాళ్లంతా తిరిగి చూశారు. "బల్లి సంగతి దేవుడెరుగు తల్లీ, నీ కేకకే గుండె ఆగేట్టుంది" అన్నాడు ఒక ఆటో అతను. ఎవరూ నవ్వలేదు. బెంచీ మీదావిడ గ్లాసు వదిలేసి పిల్లను అదుముకుంది. "అయ్యో, నేను తాగేశానే!"

హైమ ఆమెను పక్క వీధి డాక్టరు దగ్గరికి ఇంచుమించు పరుగెత్తించింది. భయం లేదని ఆయన అన్నాక ఆమె హైమకేసి అదోలా చూసి, "నిన్ను తిట్టాలనే ఉంది. కానీ పిల్లకు పట్టకుండా ఆపావు" అంది.

తిరిగి వచ్చేసరికి పేరిందేవిగారు కుండలోదంతా పారబోసి, అక్కడే నిలబడి ఉన్నారు.

"పద అంటే రాలేదేం?"

హైమ ఖాళీ కుండ ఎత్తబోయింది.

"కుండ నేను తోముతాలే. నీకు లోపల కంప్యూటరు దగ్గర పనుంది" అన్నారావిడ. "ఇందాకటి గొంతు మాత్రం మరిచిపోకు."